మామగారి నోట అల్లుడి మాట

గిరిధర్ బీరువాలో దూరాడంటే ఇంట్లో మూడు ఆగిపోవాలి. ఫ్యాను తిరగకూడదు, కుక్కరు కూయకూడదు, పదహారు నెలల పాప హంసిని ఏడవకూడదు. మొదటి రెండింటినీ దివ్య ఎలాగో ఆపేది. మూడోదానికి స్విచ్ ఎక్కడుందో ఆమెకు ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

బీరువాలో దూరడం గొంతు కోసం. చీరల మధ్య నిలబడి మాట్లాడితే గోడలకు తగిలి మోగదని, అచ్చం స్టూడియోలో రికార్డు చేసినట్టే ఉంటుందని అతనికి ఎవరో చెప్పారు. ఆ చెప్పినవాడికి పెళ్లి కాలేదని దివ్య గట్టి నమ్మకం. అయినవాడైతే ధర్మవరం పట్టుచీర పక్కన చెమట కారుతున్న మనిషిని నిలబెట్టమని సలహా ఇవ్వడు.

గిరిధర్ ఉద్యోగం బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక ఆఫీసులో. వేరేవాళ్లు నింపిన ఫారాల్లో తప్పులు వెతకడం పని. పొద్దున వెళ్లినవాడు సాయంత్రం దాకా నోరు తెరవనక్కర లేదు. అలా పొద్దంతా ఆదా చేసిన గొంతునంతా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని రెండు గదుల ఇంటికి తెచ్చి ఖర్చు పెట్టేవాడు.

అతని దగ్గర తొమ్మిది గొంతులున్నాయి. దివ్య వాటికి పేర్లు పెట్టింది. విలన్ గొంతు గర్జనరావు. ఆఫీసు గుమాస్తా గొంతు ముక్కు ముకుందం. కూతుర్ని సాగనంపే తండ్రి గొంతు గద్గదమూర్తి. సాయంత్రం అన్నం వడ్డించే ముందు, ఇవాళ భోజనానికి ఎవరొచ్చారని అడిగేది. గర్జనరావైతే పచ్చడి కొంచెం ఎక్కువ వేసేది.

అప్పటికి ఆ గొంతులు బయటి ప్రపంచంలో సాధించింది పెద్దగా లేదు. హిందూపురం వీధుల్లో ఒక ఆటో మీద మైకు పెట్టి నెల రోజులు దుప్పట్లు అమ్మింది ముకుందమే. ఒక ఫోను కంపెనీకి ఫోను చేస్తే, మీ ముందు ఇంకా చాలామంది ఉన్నారు, దయచేసి వేచి ఉండండి అని ఓదార్చింది గద్గదమూర్తి. ఆ నంబరుకు గిరిధర్ పనిలేకపోయినా ఫోను చేసి, వేచి ఉండేవాడు.

అలాంటి మనిషికి రెండువేల ఎనిమిది వేసవిలో ఒక ఏనుగు తగిలింది.

కోరమంగళలో ఒక స్టూడియోవాళ్లు పిల్లల బొమ్మల ధారావాహిక ఒకటి తెలుగులోకి తెస్తున్నారు. అందులో ఏనుగు తాత ఉంటాడు. అడవిలో పిల్ల జంతువులన్నిటికీ బుద్ధులు చెబుతాడు. వారానికొకటి చొప్పున యాభై రెండు వారాలు చెబుతాడు. గొంతుల ఎంపిక చూసే స్టాన్లీ అనే గుంటూరు ఆయన గిరిధర్‌కు ఒక ఈమెయిలు రాశాడు. కదిలే పెదాల మీద మీ గొంతు ఎలా కూర్చుంటుందో చూపించే వీడియో ఒకటి ఇంటర్నెట్‌లో పెట్టి లింకు పంపండి, మా నిర్మాతలు వేరే ఊళ్లో ఉంటారు, వాళ్లు చూసి తేలుస్తారు అని.

ఈ ఏనుగు గిరిధర్‌కు ఎంత కావాలో దివ్యకూ అంతే కావాలి. ఏనుగు వస్తే రికార్డింగులన్నీ స్టూడియోలోనే. బీరువా మళ్లీ బీరువా అవుతుంది. ఫ్యాను ఆపినప్పుడల్లా పాప మెడ మీద చెమటకాయలు లేస్తున్నాయి. చెమటకాయ కనబడితే జ్వరం, జ్వరం అంటే ఆస్పత్రి, ఆస్పత్రి అంటే సూది, ఇక్కడి నుంచి అక్కడికి ఒక్క నిమిషంలో వెళ్లి వచ్చే మనసు దివ్యది. వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆమె ఏనుగుకు దండం పెట్టుకునేది.

వీడియో అనుభవం గిరిధర్‌కు ఒకటి ఉంది. అంతకు ముందు తన ముఖమే చూపిస్తూ తొమ్మిది గొంతులూ వినిపించి యూట్యూబ్‌లో పెట్టాడు. పద్నాలుగు మంది చూశారని అంకె చెప్పింది. అందులో పదకొండు సార్లు చూసింది అతనే. రెండు సార్లు దివ్యకు చూపించాడు. ఆ పద్నాలుగో మనిషి ఎవరా అని వారం రోజులు ఆలోచించాడు.

ఇప్పుడు కావలసింది వేరేవాళ్ల పెదాలు. సినిమా ముక్కలు పెడితే తీసేస్తారట. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం అతను కంప్యూటరు ముందు కూర్చుని, పాప నామకరణం సీడీ వేశాడు. చూస్తూ చూస్తూ ఒకచోట ఆపి, దివ్యను పిలిచాడు.

"చూడు. మీ నాన్నగారు ఆరు నిమిషాలు ఆపకుండా..."

"మా నాయనా? నాలుగు మాటలకు మించి మాట్లాడింది నేను పుట్టినంక చూడలేదే."

"మాట్లాడలేదు. తాంబూలం నమిలారు. నాకు దవడ కదిలితే చాలు."

తెర మీద దివ్య తండ్రి జయరామప్ప కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్క కుర్చీలో గిరిధర్ ఉన్నాడు. ఫోటోగ్రాఫరు ఏ కారణం చేతో ఆరు నిమిషాల పాటు కెమెరాను అక్కడే పెట్టి తను భోజనానికి వెళ్లినట్టున్నాడు. జయరామప్ప నింపాదిగా నములుతూ, మధ్యమధ్య అల్లుడి వైపు తిరుగుతూ, ఒకసారి తల ఆడిస్తూ, ఇంకోసారి చెయ్యెత్తుతూ ఉన్నాడు. చెయ్యెత్తింది ఈగను తోలడానికి. శబ్దం తీసేసి చూస్తే మాత్రం ఒక పెద్దమనిషి జీవితసారం చెబుతున్నట్టే ఉంది.

దివ్య వెంటనే ఆ సీడీ తీసెయ్యమంది. ఎందుకో తెలియాలంటే ఆ నామకరణం రోజు ఆ తరువాత జరిగింది తెలియాలి.

బళేపేటలో జరీ అంగడి నడిపే జయరామప్పకు మాట తక్కువ, పట్టింపు ఎక్కువ. నామకరణం రోజు భోజనాల వేళకు గిరిధర్ చేతికి మైకు దొరికింది. మైకు దొరికిన గిరిధర్‌ను ఆపగల శక్తి ఆ కల్యాణమంటపంలో ఎవరికీ లేకపోయింది. ముకుందం గొంతుతో ఒక్కో బంతినీ పిలిచాడు. చివరికి, చేతులు కడిగే తొట్టి దగ్గర దారికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్న తెల్లజుట్టు పెద్దమనిషి దయచేసి లేచి పక్కకు జరగవలసిందిగా కోరాడు. ఒకసారి కాదు. మూడుసార్లు. మూడోసారి ఇంటివాళ్లు ఎవరైనా వచ్చి ఆయన్ని తీసుకెళ్లాలని కూడా అన్నాడు. నాలుగు వందల మంది తిరిగి చూశారు. అక్కడ కూర్చున్నది జయరామప్ప.

ఆయన లేచాడు. కుర్చీ మడిచి గోడకు ఆనించాడు. ఆ రోజు నుంచి ఏడాదిగా అల్లుడితో మాట్లాడలేదు.

రావడం మానలేదు. ప్రతి ఆదివారం బళేపేట నుంచి బస్సెక్కి మనవరాలి కోసం వస్తాడు. అల్లుడికి చెప్పవలసింది ఏదైనా ఉంటే మనవరాలికి చెబుతాడు. "పాపా, మీ నాయన్ని పేపరు ఇమ్మను" అంటాడు. పాపకు మాటలు రావు. గిరిధర్ పేపరు తెచ్చి పాపకు ఇస్తాడు. పాప దాన్ని చించుతుంది. మిగిలింది జయరామప్ప చదువుకుంటాడు.

ఆయన నోట్లో గిరిధర్ పెట్టబోతున్న మాటలేమిటో విన్నాక దివ్య పాపను చంకన వేసుకుని తలుపు దగ్గర నిలబడిపోయింది. అల్లుణ్ణి అర్థం చేసుకోలేకపోయానని జయరామప్ప పశ్చాత్తాపపడాలట. క్షమించమని అడగాలట.

"తప్పు చేసింది మీరు. క్షమించమనేది ఆయనా?"

"ఆయన ఎక్కడంటున్నారు? అనేది నేనే కదా."

"మీరే తప్పు చేసి, మీరే ఆయనతో చెప్పించి, మీరే విని క్షమిస్తారు."

"కళ దృష్టితో చూడాలి దివ్యా. ఏనుగు తాతకు కావలసింది ఈ బరువే."

"ఆయన చూస్తే?"

"మీ నాన్నగారి అంగట్లో కాలిక్యులేటరుకే దుమ్ము పట్టి ఉంటుంది. యూట్యూబ్ ఎక్కడ చూస్తారు?"

దివ్య ఇంకా ఏదో అనబోయింది. పాప మెడ గోక్కుంది. దివ్య ఆ మెడ చూసింది, బీరువా చూసింది, వెళ్లి ఫ్యాను ఆపింది.

గొంతు విషయంలో మాత్రం గిరిధర్‌ను మెచ్చుకోవాలి. మామగారు తనతో మాట్లాడని ఆ ఏడాదంతా, ఆయన పాపతో అనే నాలుగేసి మాటల్నీ పొల్లుపోకుండా విన్నాడు. ఆ జీర, ఆ విరుపు, ఆ బళేపేట యాస అన్నీ పట్టేశాడు. దానికి గద్గదమూర్తి బరువు కొంచెం కలిపాడు. బీరువా తలుపు సందులోంచి అచ్చం తన తండ్రి గొంతు వినబడేసరికి దివ్య కొంగు సర్దుకుంది.

"నా కండ్లు మూసుకపోయింటాయి గిరీ. నాకు కొడుకు లేడనుకుంటి. ఉండాడు. ఇదో, నా పక్కనే కూచోని ఉండాడు."

మూడు రోజులు పట్టింది. దవడ ఎక్కడ ఆగితే అక్కడ వాక్యం ఆగాలి. ఆకులు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మారేచోట గిరిధర్ ఒక నిట్టూర్పు పెట్టాడు. నాలుగో నిమిషంలో సున్నం ఘాటెక్కి జయరామప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి, భుజం మీది తువ్వాలుతో అద్దుకున్నాడు. సరిగ్గా అక్కడ "నన్ను క్షమించప్పా" వచ్చింది. అది సున్నమని దివ్యకు తెలుసు. మాట్లాడేది బీరువాలోని మొగుడని తెలుసు. అయినా ఆమె వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదుకుంది.

వీడియో ఎక్కించడం సాయంత్రం అయిదింటికి మొదలుపెడితే, పాప రెండుసార్లు పడుకుని లేచేసరికి ఎక్కింది. చివర పది సెకండ్లు నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో, గాత్రం గిరిధర్ అని తన పేరు వేసుకున్నాడు. అక్కడే పొరపాటు చేశాడు. పేరు దాకా వచ్చేసరికి చూసేవాళ్లంతా కళ్లు తుడుచుకుంటున్నారు. చదివే స్థితిలో ఎవరూ లేరు.

మూడు రోజుల్లో తొమ్మిది వందల మంది చూశారు. వారం తిరిగేసరికి ఆరు వేలు దాటింది. కింద జనం రాసిన మాటల్ని గిరిధర్ ఆఫీసు నుంచి ఫోను చేసి మరీ దివ్యకు చదివి వినిపించాడు. ఒక కోడలు వెంటనే పుట్టింటికి ఫోను చేశానని రాసింది. దుబాయిలో ఉన్న ఒక అల్లుడు ఎడారిలో కూర్చుని ఏడ్చానని రాశాడు. మదనపల్లె నుంచి ఒక మామగారు, ఇది మా అల్లుడు చూశాడు, ఇప్పుడు నేనేం చెయ్యాలి అని అడిగాడు.

ఎంత మంది ఏడ్చినా ఒక్కరూ గొంతు గురించి రాయలేదు. అది గిరిధర్ గమనించలేదు. దివ్య గమనించింది కాని, ఏనుగు రాబోయే ముందు అపశకునం ఎందుకని ఊరుకుంది.

శుక్రవారం సాయంత్రం స్టాన్లీ ఫోను చేశాడు. గిరిధర్ స్పీకరు ఆన్ చేశాడు.

"గిరిధర్ గారూ, లింక్ చూశామండీ. ఆఫీసులో అందరం ఏడ్చాం. కాని మీరు రాంగ్ లింక్ పంపారు. ఇది మీ ఫ్యామిలీ వీడియో కదా. మీ వాయిస్ ఏది?"

గిరిధర్ ముసిముసిగా నవ్వి, అందులో ఉన్నదంతా తన గొంతేనని చెప్పాడు. స్టాన్లీ నవ్వలేదు. అంత సహజంగా ఎవరూ డబ్బింగ్ చెప్పలేరని, తను పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నానని అన్నాడు. గిరిధర్ ఫోనులోనే మామగారి గొంతు తీసి, కండ్లు మూసుకపోయింటాయి అన్న వాక్యం మొత్తం చెప్పాడు. స్టాన్లీ అంతా విన్నాడు.

"బాగుందండీ. మీ మామగారిని బాగానే ఇమిటేట్ చేస్తున్నారు. కాని ఒరిజినల్‌లో ఉన్న ఆ నేచురల్ ఫీల్ మీకు రాలేదు. మాకు ఆయనే కావాలి. ఆయన నంబరు ఇస్తారా?"

తన గొంతుకే తను సరిపోకుండా పోయిన మనిషిని దివ్య మొదటిసారి చూసింది. అతను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. చాలాసేపు బతిమాలాక స్టాన్లీ ఒక మెట్టు దిగాడు. ఆ పెద్దాయనే స్వయంగా ఇది నా గొంతు కాదని చెబితే నమ్ముతానన్నాడు. సోమవారం పొద్దున నిర్మాతలకు పేర్లు వెళ్లిపోతాయి, ఈలోపల చెప్పించండి అన్నాడు.

ఏడాదిగా మాట్లాడని మనిషి దగ్గరికి వెళ్లి, మిమ్మల్ని ఏడిపించి క్షమాపణ చెప్పించింది నేనేనని మీరే నా తరఫున సాక్ష్యం చెప్పాలి అని అడగాలి. ఇలా విడమరిచి చెప్పింది దివ్య. గిరిధర్ ఆ వాక్యాన్ని ఏ గొంతుతో అంటే బాగుంటుందా అని తొమ్మిదింటితోనూ అని చూసుకున్నాడు. ఏదీ కుదరలేదు.

ఆదివారం జయరామప్ప వచ్చాడు. దివ్యకు వాకిట్లోనే అనుమానం వచ్చింది. ఇస్త్రీ పంచె, జరీ తువ్వాలు, చేతిలో ఎప్పుడూ ఉండే బిస్కెట్ పొట్లం బదులు ఒక యాపిల్ పళ్ల బుట్ట. బుట్టకు ఎవరో రంగు కాగితం చుట్టారు. ఎక్కడిదని అడిగితే, ఇచ్చినారు అన్నాడు.

మెల్లగా ఒక్కో మాటే లాగగా బయటికి వచ్చింది ఇది. బళేపేటలో ఆయన అంగడి పక్కన గిల్టు నగల కృష్ణప్ప ఉన్నాడు. ఆయన కొడుకు కంప్యూటర్లో చూపించాడు. కృష్ణప్ప చూసి పేటంతా చెప్పాడు. జయరామప్ప అంగట్లోకి జనం జరీ కొనడానికి కాదు, ఆయన్ని చూడడానికి వస్తున్నారు. అల్లుడి ముందు తల వంచిన మామ మన కులంలో ఇంతవరకు లేడని సంఘం పెద్దలు మెచ్చుకున్నారు. ఒక ఇంట్లో మామా అల్లుళ్ల తగువు తీర్చమని పిలిచారు. ఆయన వెళ్లి కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. ఆయన్ని చూసి వాళ్లే రాజీపడి ఈ బుట్ట ఇచ్చారు.

దివ్య గొంతు తగ్గించి అడిగింది.

"నాయనా, ఆ మాటలు మీవి కావని చెప్పలేదా?"

"యాల చెప్పల్ల? బాగుండాయి కదా."

అప్పటిదాకా తలుపు వెనకాల ఉన్న గిరిధర్ ఇదే సమయమనుకుని బయటికి వచ్చాడు. ఏనుగు సంగతి, స్టాన్లీ సంగతి, సోమవారం సంగతి మొత్తం చెప్పాడు. జయరామప్ప పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, అల్లుడి వైపు చూడకుండా అంతా విన్నాడు. విని, పాపతో అన్నాడు, మీ నాయన్ని ఆ ఫోను చెయ్యమను అని.

గిరిధర్ సంతోషంగా ఫోను కలిపి, స్పీకరు ఆన్ చేసి ముందు పెట్టాడు. వీడియోలో మాట్లాడింది మీరేనా సార్ అని స్టాన్లీ మర్యాదగా అడిగాడు.

"అవునప్పా. నేనే" అన్నాడు జయరామప్ప.

స్టాన్లీ పొంగిపోయాడు. రేపే స్టూడియోకు రమ్మన్నాడు, కారు పంపుతానన్నాడు. చూస్తాములే అని జయరామప్ప ఫోను పక్కన పెట్టి, యాపిల్ కోయమని కూతురికి చెప్పాడు.

గిరిధర్ తొమ్మిది గొంతుల్లో ఒక్కటీ పలకలేదు. దివ్య యాపిల్ కోస్తూ ఇద్దరినీ చూసింది. ఒకరు చెయ్యని పనికి పేరు తెచ్చుకుని కూర్చున్నారు. ఇంకొకరు చేసిన పనికి దిక్కులేక నిలబడ్డారు. మధ్యలో ఏనుగు వెళ్లిపోతూ ఉంది. కత్తి పక్కన పెట్టి ఆమె తండ్రి ముందు నిలబడింది.

"నాయనా, ఏం కావాల మీకు? పాపతో వద్దు. నేరుగా చెప్పండి."

జయరామప్ప ఏడాది తరువాత మొదటిసారి అల్లుడి ముఖంలోకి చూశాడు.

"నేను చెప్పింటి కదా. నువ్వూ చెప్పు."

గిరిధర్‌కు అర్థం కాలేదు. దివ్యకు అయింది. "కుర్చీ సంగతి" అంది.

అతను గొంతు సవరించుకున్నాడు. రెండు చేతులూ కట్టుకుని, తల వంచి, బొంగురుగా, తడిగా మొదలుపెట్టాడు. "మామయ్యా, తెలియక చేసిన తప్పును..."

"ఆయన ఎవరప్పా?" అన్నాడు జయరామప్ప.

"గద్గదమూర్తి నాయనా. మీరు సుమ్నే, ఊరికే కూచోండి, పంపించేస్తా" అని దివ్య మొగుడి వైపు తిరిగింది. "అది బీరువా గొంతు. మీది తీయండి."

గిరిధర్ నిలబడే ఉన్నాడు. తన గొంతు ఎలా ఉంటుందో అతనికే చప్పున గుర్తుకు రానట్టుంది. పాప తాత ఒళ్లోంచి అతన్నే చూస్తోంది. చివరికి వచ్చింది. సన్నగా, ఎక్కడా బరువు లేకుండా, ఇంకెవరిదో అన్నట్టు వచ్చింది.

"ఆ కుర్చీలో మీరున్నారని నేను చూడలేదు మామయ్యా. చూడాల్సింది. అందరి ముందు మీకు తలవంపులు తెచ్చాను. ఆ రోజే రావలసింది. సిగ్గుపడి రాలేదు."

జయరామప్ప కాసేపు పాప జుట్టు సవరించాడు. సరే అన్నాడు. ఒక్క మాటే. అది నేరుగా అల్లుడితో అన్నాడు. దివ్య మళ్లీ వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదుకుని వచ్చింది. ఈసారి సున్నం లేదు.

ఫోను మళ్లీ కలిపే ముందు జయరామప్ప దాని మీద చెయ్యి పెట్టి, ఇంకొకటి ఉండాది అన్నాడు. ఆ వీడియో తీసెయ్యకూడదు. చివరున్న పేరు తీసెయ్యాలి. ఆ ఫోనాయనకు తప్ప ఇంకెవరికీ, పేటలో అసలే, ఆ గొంతు ఎవరిదో తెలియకూడదు. అది తను చేసిన పనుల్లోకెల్లా గొప్పదని, దానికి తన పేరు లేకపోతే ఎలాగని గిరిధర్ దివ్య వైపు చూశాడు. దివ్య అన్నీ విన్నట్టే తల ఆడించి, మీరు పేరు తియ్యండి, నేను యాపిల్ పెడతా అంది.

ఆ గొంతు తనది కాదు, అల్లుడిదని జయరామప్ప చెప్పేసరికి స్టాన్లీ మొదట తికమకపడ్డాడు.

"సార్, ఇందాకే కదా మీరే అన్నారు?"

"ఇందాక మా అల్లుడు మాట్లాడలేదప్పా."

అయినా నమ్మకం కుదరక, అందులోని మాటలే ఒకసారి మీరు చెప్పండి సార్ అని అడిగాడు. జయరామప్ప ఊపిరి పీల్చుకున్నాడు. "నా కండ్లు మూసుకపోయింటాయి గిరీ" అన్నాడు. నాలుగు మాటలయ్యాయి. ఆగిపోయాడు. అవతల స్టాన్లీ ఎదురు చూశాడు. ఇవతల ముగ్గురూ ఎదురు చూశారు. ఐదో మాట రాలేదు. నిమిషం గడిచాక, సరే సార్, అర్థమైంది, ఈయన యాభై రెండు వారాలు మాట్లాడలేరు అన్నాడు స్టాన్లీ. మంగళవారం కబురు వచ్చింది. ఏనుగు గిరిధర్‌దే.

అక్కడితో అయిపోతే బాగుండేది. మూడో వారం జయరామప్ప అల్లుడికే నేరుగా ఫోను చేశాడు. సంఘం వార్షికోత్సవంలో ఆయన చేత పది నిమిషాలు మాట్లాడించాలని పెద్దలు పట్టుబట్టారట. కాదంటే బాగుండదట. నువ్వు రా, తెర వెనకాల ఇంకొక మైకు పెట్టిస్తా అన్నాడు. దాన్ని ఒక్కొక్క మాట చొప్పున చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. గిరిధర్ సాకులు వెతుక్కునే లోపలే దివ్య ఫోను తీసుకుని, వస్తారు నాయనా, ఎన్ని గంటలకు అని అడిగింది.

ఆ సాయంత్రం బళేపేట సత్రంలో మూడు వందల మంది కూర్చున్నారు. వేదిక మీద జయరామప్ప మైకును నోటికి అడ్డంగా పట్టుకుని, చేతికి అందినంత తాంబూలం వేసుకుని, నింపాదిగా దవడ కదిలించాడు. తెర వెనకాల దుమ్ములో, మడిచిపెట్టిన షామియానా గుడ్డల మధ్య నిలబడి, సందులోంచి ఆ దవడనే చూస్తూ గిరిధర్ పది నిమిషాలు ప్రాణం పెట్టి మాట్లాడాడు. దివ్య పాపను ఒళ్లో వేసుకుని ముందు వరుసలో కూర్చుంది. దవడ ఒకచోట తప్పిపోతుందేమో, తెర జారిపోతుందేమో, పాప గొంతు గుర్తుపట్టి లోపలికి పరిగెత్తుతుందేమో అని పది నిమిషాలూ ఊపిరి బిగబట్టింది. ఏమీ కాలేదు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పూలమాల జయరామప్ప మెడలో పడింది.

అందరూ వేదిక చుట్టూ మూగాక గిరిధర్ చొక్కా దులుపుకుంటూ పక్క వాకిలి నుంచి బయటికి వచ్చాడు. గొంతు పూర్తిగా పోయింది. ఎదురుగా కృష్ణప్ప కనబడ్డాడు. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. గిరిధర్‌ను పైనుంచి కిందికి చూసి, భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమప్పా, మీ మామ అంతసేపు మాట్లాడితే నువ్వు బయట తిరుగుతాండావా? ఆయన పక్కన కూచోని నాలుగు మాటలు నేర్చుకోకూడదా?"

గిరిధర్ దివ్య వైపు చూశాడు. దివ్య పాప వైపు చూసింది.

"నేర్చుకుంటానండీ" అన్నాడు గిరిధర్.